పేరు పడని కార్యక్రమాలు

ఆ రోజుల్లో ప్రతి ఇంటి టీవీ, ఇంట్లోవాళ్ళ రాబోయే నెల రోజుల్నీ కార్యక్రమాల్లా ముందే వరసగా వేసి, జరిగేకొద్దీ రికార్డు చేసేది. డాక్టర్లు రోగుల్ని చూసేదీ ఆ రికార్డింగుల్లోనే. అలివేలు కార్యక్రమాలన్నిటికీ ఆవిడ పేరు పడింది. పక్షవాతంతో మాట పడిపోయి మంచంలో ఉన్న భర్తవాటికి మాత్రం టైమే తప్ప పేరు లేదు. పేరు లేనివి సాయంత్రానికల్లా చెరిగిపోతున్నాయి. మనిషి కళ్ళెదుటే ఉన్నా ఆస్పత్రికి లేనట్టే.

బాగుచేయడానికొచ్చిన ఝాన్సీ పెట్టె విప్పి చూసింది. "ఇందులో రిపేరేం లేదు పిన్నిగారూ. ఇంట్లో పిలుచుకునే పేర్లే ఇది పట్టుకుంటుంది. బాబాయిగారిని మీరేమని పిలుస్తారు?"

"ఏమండీ అంటాను."

"ఒక్కసారి పేరు చెప్పండి, చాలు."

అలివేలు మంచం వైపు చూసింది. మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పిన మాట యాభై ఏళ్ళుగా దాటలేదావిడ. "నువ్వే చెప్పేయమ్మా."

"బయటివాళ్ళ గొంతు తీసుకోదండీ. పేరు పడకపోతే రేపు కూడా డాక్టరుగారికి బాబాయిగారు కనబడరు."

అలివేలు మంగళసూత్రాలు కళ్ళకద్దుకుని, "పురుషోత్తం" అంది.

తెర మీద ఆ పేరు ఒక్కో రోజుకీ పడుతూ కిందికి దిగింది. సోమవారం. మంగళవారం. బుధవారం. నవ్వబోయిన ఝాన్సీ ఆగిపోయింది. గురువారం నుంచి చివరి రోజు దాకా ఇంతసేపూ ఉన్న ఆయన గళ్ళు ఒక్కొక్కటే మాయమైపోయాయి.

అలివేలు రెండు చేతులతో నోరు మూసుకుంది.