సైకిల్ మీద శ్రీశైలం

ఏటా శివరాత్రికి నేనూ, లక్ష్మీ వనపర్తి నుంచి శ్రీశైలానికి నడిచి పోయేవాళ్లం. ఈసారి సైకిల్ తీశాను. నడిచేవాళ్లను దారి పొడుగునా ఆపుతారు, ఆకేసి అన్నం పెడతారు, ఇంటి సంగతులన్నీ అడుగుతారు. సైకిల్ వాణ్ని ఎవరూ ఆపరు. నాకు కావలసింది అదే.

మన్ననూరు దగ్గర జములమ్మ పందిరి కనబడగానే తల వంచుకుని గట్టిగా తొక్కాను. ఏటా మాకు అన్నం పెట్టే మనిషి ఆమె. గరిటె పట్టుకునే రోడ్డుకు అడ్డం వచ్చింది.

"ఏందన్నా, గింత ఉరుకుతున్నవ్? శివుడు నీకోసమే కూసున్నడా?"

"కాళ్లు నొస్తున్నయమ్మా. అందుకే సైకిల్."

"నువ్వు సైకిలెక్కి, వదినెను నడిపిస్తున్నవా? జర సిగ్గుపడరాదు!"

పందిట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఎనుక వస్తుంది," అన్నాను.

జములమ్మ ఒక విస్తరిలో అన్నం, పప్పు వడ్డించి, పైన మరో ఆకు మూసి పక్కన పెట్టింది.

"ఎంత పొద్దువోయినా సరే, ఆమె వచ్చినంక ఇద్దరం కలిసి తింటం. నువ్వు పో అన్నా."

సైకిలెక్కాను. లక్ష్మి దీపావళికి ముందే చనిపోయింది. ఆ మాట జములమ్మకు చెప్పలేదు. ఇంటికి తిరిగి రావడానికి కూడా నాకున్నది ఈ దారే.