తలకిందుల చదువు

"బట్టీ! అచ్చంగా బట్టీ!" అంటూ ఆదివారం తెలుగు బడి పంతులమ్మ బల్ల చరిచింది. "పుస్తకం తలకిందులుగా పట్టుకుని గడగడా అప్పజెప్పేస్తే చదివినట్టేనా? తెలుగు బోర్డొకటైనా కనపడని ఊళ్లో దీనికి చదవడం ఎలా వస్తుందండీ?"

ఎనిమిదేళ్ల పిల్ల బిక్కమొహం వేసింది. చదవడం వస్తే పైతరగతి. రాకపోతే మళ్లీ అఆలు దిద్దే చంటిపిల్లల మధ్య కూర్చోవాలి.

తండ్రి అనుమానంగా తాతగారి వైపు తిరిగాడు. "నాన్నా, మీరేనా కంఠతా పట్టించింది?"

"నాకేం తెలీదురా! దీనికి నేను అక్షరం ముక్క నేర్పలేదు."

పంతులమ్మ నమ్మలేదు. ఆ ఉదయమే వచ్చిన తెలుగు పత్రికను సంచిలోంచి తీసి, పిల్ల పక్కకు వచ్చి ముందు పెట్టింది. "ఇది బట్టీ పట్టే వీల్లేదు. చదువు."

పిల్ల పత్రికను తలకిందులు చేసుకుంది. వేలు పెట్టి, ఒక్క ఒత్తు కూడా మింగకుండా, మొదటి పేరా చదివేసింది. పంతులమ్మ మెడ తిప్పి, నడుం తిప్పి, చివరికి బల్ల చుట్టూ తిరిగి పిల్లకి ఎదురుగా వెళ్లి మరీ సరిచూసుకుంది. తప్పు దొరకలేదు. ఆవిడ అనుమానమే బోర్లా పడింది.

"ఎవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలేదు. తాతయ్య రోజూ పుస్తకం మీద వేలు పెట్టి పైకి చదువుకుంటాడు. నేను ఎదురుగా కూర్చుని చూస్తా."

ఇంట్లో తన చదువు వినేవి గోడలే అనుకున్నాడు తాతగారు.

"పైతరగతికి వెళ్లు తల్లీ," అంది పంతులమ్మ. "ఇంటి దగ్గర మాత్రం తాతయ్య పక్కన కూర్చుని చదువు."

"పక్కన కూర్చుంటే తాతయ్య మొహం కనపడదుగా!"