పందెం కారుకు సాక్షి

“ఇది అదేనని చెప్పలేనమ్మా,” అన్నాడు పెద్దాయన, కారు ముందు బంపరును చేతికర్రతో మెల్లగా తడుతూ.

కారు తెచ్చిన ఆమె ఆయన పక్కకు వచ్చింది. “సరిగ్గా చూడండి బాబాయ్. నాన్న కారు. మీరు మర్చిపోతారా?”

పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని, వంగి, హెడ్‌లైట్లూ బానెట్టూ మళ్ళీ చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

తనిఖీ అధికారి నిట్టూర్చాడు. పాత పందెం కార్ల ప్రదర్శన మర్నాడే. ఇలాంటి నాలుగు తలుపుల కార్లు ఆ రోజుల్లో వీధికొకటి ఉండేవి. వారమంతా పిల్లల్ని బడిలో దింపి, ఆదివారం తలుపుల మీద నంబరు అంటించుకుని పందేలు గెలిచిన కారు ఇదేనని రుజువేదీ? ఛాసిస్ నంబరును తుప్పు తినేసింది. రుజువు లేకపోతే దీన్ని మామూలు పాత కార్ల వరసలో ఓ మూల నిలబెడతారు. ఆమె తండ్రి గెలిచిన పందేల ఊసే ఉండదు.

“నా గెలుపులన్నీ మొదటి నుంచి చివరిదాకా కళ్ళారా చూసింది ఈ బాబాయొక్కడే అనేవాడు నాన్న,” అందామె అధికారితో.

“చూశాను!” పెద్దాయన ముఖం వెలిగిపోయింది. “కొండదారి పందెంలో జోరువాన. పెద్ద ఇంజన్ల కార్లన్నీ బురదలో చతికిలబడ్డాయి. మీ నాన్న కారుకు మలుపుల్లో కూడా బ్రేకు లైటు వెలిగితే ఒట్టు! సముద్రం ఒడ్డున పందెంలోనైతే సైలెన్సరు ఊడి వేలాడింది. రోడ్డంతా నిప్పురవ్వలు చిమ్ముతూనే పోయిందిగానీ, ఆగలేదు. అది పోతూ ఉంటే చూసి తీరాలమ్మా! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.”

ఆమె నోరు తెరుచుకుని వింది. ఇంట్లో నాన్న ఇవేవీ చెప్పేవాడు కాదు. అధికారి కూడా చేతిలో కాగితాల సంగతి మరిచి అలాగే నిలబడిపోయాడు. కానీ కథ బాగుందని సంతకం పెట్టలేడు కదా.

“ఏమీ అనుకోకండి మేడమ్. బండి షెడ్డు అవతలి గుమ్మంలోంచి తీసేయండి, ఇంకోటి రావాలి.”

ఆమె కళ్ళు తుడుచుకుని కారు స్టార్ట్ చేసింది. కారు పెద్దాయనను దాటుకుని బయటికి వెళ్ళింది. రోడ్డు మలుపులో ఆమె బ్రేకు వేసింది, వెనక లైట్లు వెలిగాయి.

“ఆపండి! ఆపండి!”

పెద్దాయన చేతికర్ర పారేసి పరుగులాంటి నడకతో వస్తున్నాడు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

“అదే! అదే కారు! ఎడమ లైటు చూడండి, కుడిదాని కన్నా వేలెడు కిందికి ఉంది. కొండ మలుపులో ఓ కారు వెనక నుంచి గుద్దింది. డిక్కీలో చెయ్యి పెట్టి చూడండి, రేకు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది.”

అధికారి డిక్కీ తెరిచి మూలకు చెయ్యి పోనిచ్చాడు. కొత్త రంగు కింద పాత సొట్ట వేళ్ళకు తగిలింది. వెంటనే సంతకం పెట్టేశాడు.

ఆమె పెద్దాయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఆయన మాత్రం రెప్ప వేయకుండా ఆ ఎడమ లైటునే చూస్తున్నాడు.

“మరి ఇందాక ఎదురుగా నిలబడి కూడా ఎందుకు గుర్తుపట్టలేదు సార్?” అన్నాడు అధికారి.

పెద్దాయన సిగ్గుపడుతూ నవ్వాడు.

“ఒక్క పందెంలోనూ నేను దీన్ని దాటలేదు బాబూ.”