భోజనం తర్వాత రెండు గంటలకి

గడియారాల రిపేరు షాపులో, సన్న మరలు దాచుకునే సొరుగులో, మూడు చాక్లెట్లు దొరికాయి. కూతురు వాటిని తీసి తండ్రి ముందు బల్ల మీద వరసగా పెట్టింది.

"ఇవేంటి నాన్నా?"

ఆయన కంటికి బిగించుకున్న భూతద్దం తీయలేదు. మధ్యాహ్నాలు కాస్త ఒళ్లు తూలినట్టు, కళ్లు తిరిగినట్టు ఉంటోందనీ, అప్పుడొకటి నోట్లో వేసుకుంటే కుదురుకుంటోందనీ గొణిగాడు. ఆ మాట పూర్తిగా వినే ఓపిక కూతురికి లేదు. ఆమె స్కూలు టీచరు. చూసిరాస్తూ దొరికిపోయిన పిల్లలు చెప్పే సాకులన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"తిరగవూ మరి? అన్నం తిన్న రెండు గంటలకి షుగరు రెండొందల ఎనభై ఉంటే, కళ్లు తిరగక ఏమవుతాయి?"

బల్లకి అవతల నిలబడ్డ పెద్దమనిషి, తన గడియారం రేపయినా పరవాలేదనీ, తొందరేమీ లేదనీ చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. ఆ కాస్త మర్యాదా పరాయివాడు చూపించాడు గానీ ఆమె చూపించలేకపోయింది.

ఆమె బాధ ఆమెది. తండ్రికి పరగడుపున బాగానే ఉన్న షుగరు, భోజనం చెయ్యగానే ఎగిరి కూర్చుంటోందని డాక్టరు మూడు నెలల కిందటే చెప్పాడు. రోజూ మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి ఇంట్లోనే మిషనుతో చూసుకొమ్మన్నాడు. ఆ పని తల్లికి అప్పగించింది. మూడింటికల్లా తల్లి స్కూలుకి ఫోను చేసి అంకె చెబుతుంది. అంకె పెరిగినప్పుడల్లా ఈమె తండ్రి కంచంలో అన్నం ఒక గరిటె తగ్గించమనేది. మూడు గరిటెలు రెండయ్యాయి, రెండు ఒకటయింది. అంకె మాత్రం మెట్లెక్కుతూనే ఉంది. డాక్టరు ఆ అంకెలు చూసి మాత్ర రెండుసార్లు పెంచాడు. ఈ నెలలో దిగకపోతే ఇక రోజూ ఇంజెక్షనే అన్నాడు. తండ్రి దొంగతిండి తింటున్నాడని అప్పుడే ఆమెకు అనుమానం వచ్చింది. ఇవాళ సెలవు పెట్టి వచ్చింది అది తేల్చుకోవడానికే.

"మిషను అబద్ధం చెప్పదు కదా తల్లీ" అన్నాడు ఆయన. "తప్పు నా ఒంట్లోనే ఉండుంటుంది."

"ఒంట్లో కాదు, నోట్లో. నీకు నోరు కట్టుకోవడం చేతకాదు. రేపు నువ్వు మంచాన పడితే చెయ్యాల్సింది అమ్మ. కనీసం ఆవిడ మీదయినా జాలి లేదా నీకు?"

ఆ మాటని తరవాత ఎన్నిసార్లు వెనక్కి తీసుకోవాలనుకుందో ఆమెకే తెలుసు. ఆయన భూతద్దం తీసి, జేబురుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అద్దం ఒరుసుకుని కన్ను చెమర్చిందేమో అనుకుంది ఆమె.

షాపు తలుపు దగ్గరగా వేయించి, తండ్రిని వెంటబెట్టుకుని బయల్దేరింది. ఇల్లు వీధి చివరే. ఆ నాలుగడుగులకే ఆయన రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాడు. నుదుట చెమట. దొరికిపోయినవాళ్ల వేషాలు ఇలాగే ఉంటాయనుకుంటూ ఆమె ముందు నడిచింది.

వాళ్లు వెళ్లేసరికి తల్లి గ్లాసుడు నీళ్లు గటగటా తాగి, మిషను డబ్బా ముందేసుకుని కూర్చుంది. మూడు కావస్తోంది.

"ఇవాళ నా కళ్లముందే చెయ్యమ్మా" అంది కూతురు.

తల్లి దానికేముందంటూ మిషనులో స్ట్రిప్ పెట్టింది. దూదితో ఉంగరం వేలు తుడుచుకుంది. చటుక్కున సూది గుచ్చి, చుక్క పిండింది.

తన వేలికి.

"అదేంటమ్మా? చూడాల్సింది నాన్నకి కదా!"

తల్లి తొణకలేదు, బెణకలేదు. మొదటిరోజు ఆయన వేలికే గుచ్చిందట. ఆ సాయంత్రం ఎవరిదో తెల్లటి గడియారం ముఖం మీద రక్తపు చుక్క పడింది. మర్నాడు వేలికొస నొప్పికి మరలు జారిపోతున్నాయని ఆయన దిగులుపడ్డాడు. ఆ చేతుల మీదే కదా ఇల్లు నడవాలి, అందుకని ఆ పోట్లేవో తన వేళ్లకి బదలాయించుకుంది.

"ఇద్దరం ఒకే గిన్నెలో అన్నం తింటాం, ఒకే వేళకి తింటాం. తిన్నది ఎంత చేసిందో చూడ్డమేగా. గడియారం ఎవరి చేతికున్నా చూపించే టైము ఒకటే అన్నారు మీ నాన్న కూడా."

మిషను కూసింది. మూడొందల పది.

కూతురు ఆ అంకెని మళ్లీ చదువుకుంది. ఇన్నాళ్లూ ఆ అంకెలు అమ్మవి. అమ్మకి వచ్చిన జబ్బుకి తను నాన్న కడుపు మాడ్చింది. అమ్మ అంకెలు చూపించి నాన్నకి మాత్రలు పెంచించింది. షుగరు పడిపోయి తూలుతున్న మనిషిని నలుగురూ వచ్చే షాపులో దొంగని చేసి నిలబెట్టింది.

నీళ్లలో పంచదార కలిపి తండ్రి చేత తాగించింది. ఆయన బుద్ధిగా తాగి, గ్లాసు తిరిగిచ్చి, "ఇది తాగొచ్చా?" అని అడిగాడు. ఆమె తల ఊపింది. డాక్టరుకి ఫోను కలుపుతూ, అసలు ఈ షుగరు ఆవిడకెలా వచ్చిందో, నెలనెలా ఇంతలా ఎలా పెరిగిందో, ఈమధ్య కొత్తగా ఏం తింటోందో చెప్పమని తల్లిని అడిగింది.

"కొత్తగా ఏముందే" అంది తల్లి. "నువ్వు మీ నాన్న కంచంలోంచి తగ్గించమన్న అన్నమే, పారెయ్యడానికి మనసొప్పక నేను తినేస్తున్నాను."