వాకిట్లో ఏగిస

మొక్క సంచిని నేలకేసి కొట్టబోతున్న దావీదు చేతిని బిడ్డ వనిత గట్టిగా పట్టుకుంది.

“నరేందర్‌గానికి ఇస్తవా? మీ అమ్మ పెట్టిన ఏగిస చెట్టుకు సుట్టూ బెరడు ఒలిచి సంపినోనికి?”

“వాళ్లమ్మకు షుగరు, నాయినా. మందుకని ఒలిచిండు.”

“ఆమె బతకాలంటే మీ అమ్మ చెట్టు సావాల్నా?”

నిరుడు చెట్టు ఎండకముందే వనిత దాని చిగుళ్లు కోసుకుపోయి, తాను పనిచేసే కోరుట్ల టిష్యూకల్చర్ ల్యాబులో, సీసాల్లో మొక్కలుగా పెంచింది.

“మనకొక్కటే ఉంటే మళ్ల దాన్నే ఒలుస్తరు. ఇంటికొకటుంటే మనదాని జోలికి ఎవలొస్తరు?”

“దాని పిల్ల వాని ఇంట్ల పెరగాల్నా?”

“గింజకు మొలిస్తే పిల్ల. ఇది చిగురుకెల్లి వచ్చింది. గిది అమ్మ పెట్టిన చెట్టే, నాయినా.”

దావీదు చేయి దిగింది. మొక్కను చంకలో పెట్టుకొని, గడ్డపార పట్టుకొని నరేందర్ ఇంటికి పోయాడు. ఎవరినీ అడగకుండానే వాకిట్లో గుంత తవ్వసాగాడు.

నరేందర్ బయటికొచ్చి బిత్తరపోయాడు. “ఏందే దావీదు మామా, గిది?”

“రోజూ అచ్చి సూస్త,” అన్నాడు దావీదు తలెత్తకుండా. “ఒక్కపూట నీళ్లు తప్పినా, నిన్ను దీని పక్కనే పాతిపెడ్త.”