చివరి పేజీ ఫొటో

మా స్కేట్‌బోర్డు పత్రిక చివరి పేజీలో ఎప్పుడూ ఎవరో ఒకరు పడిపోతున్న ఫొటోనే వేస్తాం. మొదటి సంచిక నుంచీ అదే ఆనవాయితీ. ఇప్పుడు ఆ ఫొటో దొరకడమే గగనమైపోయింది. చూసేవాళ్ళ మనసు కష్టపడకూడదని, కెమెరాలన్నీ ఫొటో తీస్తూనే బొమ్మను వాటంతటవే దిద్ది, పడ్డవాణ్ణి లేపి నిలబెట్టేస్తున్నాయి. ఆ దయ ఎవరడిగారో నాకు తెలీదు.

ఈ సంచికలో ఆ పేజీ మాతో స్కేటింగ్ చేసే సోమేష్‌ది. పోయిన నెల విశాఖ బీచ్ రోడ్డులో మెట్ల మీంచి బోర్డుతో దూకి, తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అక్కడున్న పదకొండు మందీ వాడు పడుతున్నప్పుడు తీసిన ఫొటోలు పంపారు. అన్నింట్లోనూ వాడు బోర్డు మీద నవ్వుతూ నిలబడే ఉన్నాడు. చేసేది లేక వాటిలో ఒకటి పేజీలో పెట్టాను. అచ్చుకు పంపేముందు చూపిద్దామని వాళ్ళమ్మ నూకరత్నం గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. చాలాసేపు చూసింది.

"సక్కగానే దిగాడు కదమ్మా," అంది. "మరి ఇంటికి రాలేదేటి?"