కత్తెర ఉందా అమ్మాయ్?

“కత్తెర ఉందా అమ్మాయ్?”

గుమ్మంలో ఎదురింటావిడ నవ్వుతూ నిలబడింది. ఎయిర్‌బేస్ స్కూల్లో పొద్దుటి పూట పిల్లలకి కుట్లు నేర్పే టీచరు ఆవిడ.

కుట్టు టీచరు ఇంట్లో కత్తెర లేదట! ఎవరి చెవిలో పువ్వులు పెడదామని?

ఆ మాట పైకి అనలేక, పైలట్ భార్య కత్తెర తెచ్చి చేతికిచ్చింది. పుచ్చుకుని వెళ్తే ఏ గొడవా లేదు. వెళ్ళదే! కుర్చీ లాక్కుని కూర్చుంది.

అప్పుడే యుద్ధవిమానాలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. కిటికీ అద్దాలు గడగడలాడాయి.

ఈ కాపురం పెట్టినప్పట్నించీ ఇదే తంతు. అక్కడ విమానాలు లేస్తాయి, ఇక్కడ ఈవిడ దిగుతుంది. ఓరోజు కత్తెర, ఓరోజు సూది, ఓరోజు నిచ్చెన. ఆపైన తలాతోకా లేని కబుర్లు. విమానాలు తిరిగొచ్చి దిగిన మోత వినబడగానే, చెప్తున్న మాట మధ్యలో ఆపేసి లేచిపోతుంది.

అడిగి తీసుకున్న కత్తెర కుర్చీలోనే ఉంటుంది.

అసలే పైలట్ భార్యకి ఒళ్ళు మండిపోతోంది. ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగం ఆమెది. ఎక్కడైనా నాలుగు రోజులు కుదురుకుందామనుకునేలోపు మొగుడికి బదిలీ. మళ్ళీ పెట్టెలు, మళ్ళీ కొత్త ఊరు, మళ్ళీ “ఖాళీలు లేవమ్మా” అనే ఆఫీసులు.

మొగుడికేమో ప్రయాణికుల విమానాల కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. ఎయిర్‌ఫోర్స్‌లోనేమో ఇంకొన్నేళ్ళు ఉంటానని సంతకం పెట్టమంటున్నారు.

“ఉంటావా, మానేస్తావా? ఏదో ఒకటి తేల్చవేం?”

“చూద్దాంలే.”

“నీ ‘చూద్దాంలే’తో నా జుట్టు నెరుస్తోంది! పోనీ ఆ ఎదురింటావిడకైనా చెప్పు, రోజూ వచ్చి నా ప్రాణం తీయొద్దని.”

బూట్లు వేసుకుంటున్నవాడు ఆగాడు.

“పోనీ, కాసేపు కూర్చోనీయరాదూ?”

“ఎందుకూ?”

“ఏం లేదు,” అని వెళ్ళిపోయాడు.

చివరికి ఆమెకో మంచి అవకాశం తగిలింది. ఇంట్లోంచే చేసుకునే ఉద్యోగం. అది గాని వస్తే, ఎన్ని బదిలీలైనా కానీ, తన పని తనతోనే ఉంటుంది.

ఇంటర్వ్యూ రోజు తలుపు గడియ పెట్టి లాప్‌టాప్ ముందు కూర్చుంది. తెర మీద కంపెనీ వాళ్ళు ప్రశ్నలు మొదలెట్టారు.

విమానాలు లేచాయి.

బెల్లు మోగింది. మళ్ళీ మోగింది. ఆ తర్వాత కిటికీలో ముఖం!

“అమ్మాయ్, కత్తెర ఉందా?”

తెర మీదవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. “మీకు తీరిక లేనట్టుంది. తర్వాత మాట్లాడదాం,” అన్నారు. ఆ ‘తర్వాత’ ఎలాగూ ఉండదని ఆమెకి తెలుసు.

కత్తెర పట్టుకుని విసురుగా తలుపు తీసింది.

“ఇదిగో, ఉంచేసుకోండి! మళ్ళీ మా గుమ్మం తొక్కకండి. మీకేం తోచకపోతే నా కొంప మీదే పడాలా?”

ఆవిడ ముఖం చిన్నబోయింది.

“పనిలో ఉన్నావని తెలీదమ్మా. ఒక్కదానివే ఉన్నావు కదా అని...”

“ఒక్కదాన్నే ఉండాలనే నా ఏడుపు!”

తలుపు ధడాలున మూసుకుంది.

ఆ తర్వాత ఆవిడ రాలేదు. విమానాలు లేచినప్పుడల్లా తన వరండాలో కూర్చుని ఇటే చూసేది. అదో చిరాకు.

నెల తిరక్కుండానే ఆవిడ రిటైరై ఇల్లు ఖాళీ చేసింది. లారీలోకి కుట్టుమిషను ఎక్కింది. దాని వెనకే ఓ బుట్ట. బుట్ట నిండా కత్తెరలు.

“ఓరి దేవుడా! ఇన్ని పెట్టుకుని నా దగ్గరికొచ్చేదా!”

“వెళ్ళొస్తా అమ్మాయ్,” అని ఆవిడ చెయ్యూపింది. ఈమె కర్టెన్ లాగేసింది. పీడ విరగడైంది.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం విమానాలు లేచాయి. ఎవరూ బెల్లు కొట్టలేదు. ఆమె హాయిగా ప్లాన్ గీసుకుంటూ కూర్చుంది.

కాసేపటికి దిగుతున్న మోత వినబడింది. ఎప్పుడూ పట్టించుకోని చెవి ఎందుకో ఆ పూట లేచినవీ దిగినవీ లెక్కపెట్టింది.

వెళ్ళినన్ని రాలేదు.

మొగుడికి ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. వీధిలోకొచ్చింది. ఎదురింటికి తాళం. లోపలికొచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీలో ఇప్పుడు ఎవరున్నా బాగుండుననిపించింది, ఆవిడైనా సరే.

జీపు ఆగింది. కమాండరు, పక్కన తలనెరిసిన డాక్టరు దిగారు.

వాళ్ళిద్దరూ కలిసి ఎందుకొస్తారో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. కాళ్ళ కింద నేల తిరిగింది. పట్టుకోవడానికి పక్కన ఎవరూ లేరు. తల గడపకి కొట్టుకుంది.

“బతికే ఉన్నాడమ్మా! బతికే ఉన్నాడు!” డాక్టరు పరుగెత్తుకొచ్చి ఆమె తల ఎత్తి పట్టుకున్నాడు. “పారాచూట్‌తో బయటపడ్డాడు. వెన్నుకి దెబ్బ తగిలింది. ఇక యుద్ధవిమానం ఎక్కడం కష్టమే గానీ, ప్రాణానికి ఢోకా లేదు.”

డాక్టరు గాయానికి దూది అదుముతూ లోపలికి చూశాడు.

“ఇంట్లో ఎవరూ లేరా? టీచరమ్మ... అయ్యో, ఆవిడ వెళ్ళిపోయారు కదూ.”

“ఆవిడెందుకు?”

“ఇన్నేళ్ళూ ఇలాంటి కబురు మోసుకుని మేం ఈ వీధిలో ఇల్లాలు ఒక్కతే ఉన్న ఇంటికి ఎప్పుడొచ్చినా, మాకంటే ముందు ఆవిడ అక్కడ ఉండేదమ్మా. ఏదో అరువు అడిగే వంకతో.”

“నాకెవరూ చెప్పలేదే?”

“ఎగిరేవాళ్ళు ఆ ఊసు ఇంట్లో ఎత్తరు,” అన్నాడు కమాండరు. “ఆవిడ భర్త కూడా ఇక్కడి పైలట్టే.”

డాక్టరు కట్టు కట్టడం ఆపాడు.

“ఆయన పోయినప్పుడు కబురు పట్టుకెళ్ళింది నేనేనమ్మా. తలుపు తీసేసరికి ఆవిడ ఇంట్లో ఒక్కతే ఉంది, నిండు నెలలతో.”